ఆపదొస్తే ఎవరి తలుపు తట్టాలి?

భీవండిలోని నాగావ్ గల్లీల్లో మరమగ్గాల మీద బతుకు వెళ్లదీసి కన్నుమూసిన తొలితరం తెలుగు నేతన్నల స్మృతిలో జరిగే ఉపన్యాసంలో కెనడా ముచ్చట, అమెరికా ముచ్చట ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. అడగడం న్యాయమే. ఇక్కడ మాట్లాడుకోవలసినవి మీటరు మజూరీ, నూలు ధర, కరెంటు బిల్లు. అయితే ఒకప్పుడు ‘బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి’ అని మూడు ముక్కల్లో చెప్పుకున్న తెలంగాణ వలసకు ఇప్పుడు నాలుగో దిక్కు కూడా వచ్చింది. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన తాతల మనవలు కొందరు డాలస్‌లో కంప్యూటర్ల ముందు కూర్చున్నారు, కొందరు టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో నలుగురితో కలిసి బేస్‌మెంటు అద్దెకు తీసుకుని చదువుకుంటున్నారు. ఊళ్లో ఉన్న చుట్టాల లెక్కలో రెండూ ‘అమెరికా దిక్కే’. వెనకటికి అదే చుట్టాల లెక్కలో భీవండి, సోలాపూర్, సూరత్ అన్నీ ‘బొంబాయి దిక్కే’ అయినట్టు.

దూరం నుంచి చూసేవాళ్లకు ఇరుగుపొరుగు ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఆ ఇద్దరిలో చిన్నవాడికి మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

కెనడా, అమెరికాల మధ్య పోలికలకు కొదవ లేదు. ఫోను చేయాలంటే రెండు దేశాలకూ ముందు నొక్కే కోడ్ ఒకటే. కెనడాలో సుమారు నాలుగు కోట్ల మంది ఉంటే, వారిలో అత్యధికులు అమెరికా సరిహద్దుకు 160 కిలోమీటర్ల లోపే ఉంటారు. సినిమాలు అవే, టీవీ అదే, బర్గర్ల దుకాణాలు చాలావరకు అవే. అమెరికా సొంత ఆటగా చెప్పుకునే బాస్కెట్‌బాల్‌ను 1891లో మసాచుసెట్స్‌లో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కెనడాలో పుట్టినవాడు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో 2019 టైటిల్ ఎగరేసుకుపోయిందీ టొరంటో జట్టే. 1965లో కుదిరిన ఆటో ఒప్పందం నాటి నుంచి కార్ల విడిభాగాలు సరిహద్దు దాటుతూ, తిరిగి వస్తూ, మళ్లీ దాటుతూ పూర్తి బండి అవుతున్నాయి. థాంక్స్‌గివింగ్ రెండు చోట్లా ఉంది. కెనడాలో అక్టోబరు రెండో సోమవారం, అమెరికాలో నవంబరు నాలుగో గురువారం. ఉత్తరాన చలి ముందొస్తుంది, కోతలూ ముందే అయిపోతాయి. టర్కీ కోడి మాత్రం రెండు చోట్లా అదే.

అంత దగ్గరగా ఉన్నవాళ్లకు తేడా ఎక్కడిది? అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త సీమోర్ మార్టిన్ లిప్‌సెట్ ఈ ప్రశ్న మీద దశాబ్దాలు పనిచేసి 1990లో ఒక పుస్తకమే రాశాడు. ఆయన వాదన పుట్టుక దగ్గర మొదలవుతుంది. 1776లో రాజు మీద తిరగబడ్డవాళ్లు అమెరికా అయ్యారు. తిరుగుబాటు ఇష్టంలేక రాజు పక్షాన నిలిచిన వేలాది కుటుంబాలు ఆస్తులు వదులుకుని నోవా స్కోషియాకు, క్యుబెక్‌కు, ఇప్పటి ఒంటారియోకు తరలిపోయాయి. ఫ్రెంచివాళ్లు అక్కడ అప్పటికే ఉన్నారు. ఆ నేల 1867లో దేశమైంది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మనిషి ప్రాణం, స్వేచ్ఛ, సుఖాన్వేషణ గురించి మాట్లాడితే, కెనడా రాజ్యాంగ చట్టం శాంతి, క్రమం, మంచి పాలన గురించి మాట్లాడింది. ఒకరు సర్కారును అనుమానించి పుట్టారు, రెండోవాళ్లు సర్కారు నీడలో పుట్టారు. స్థూలంగా లిప్‌సెట్ చెప్పింది ఇది.

వినడానికి బాగానే ఉంటుంది గానీ, దీన్ని పూర్తిగా నమ్మితే చిక్కే. చమురు బావులు, పశువుల మేత మైదానాలు, కౌబాయ్ టోపీలు ఉన్న అల్బెర్టా పోకడ టెక్సస్‌కు దగ్గర. సరిహద్దు పక్కనే ఉన్న వెర్మాంట్ రాజకీయాలు టెక్సస్ కంటే కెనడాకే దగ్గర. కెనడావాళ్లు మహా మర్యాదస్తులని, కాలు తొక్కించుకున్నవాడే ముందు సారీ చెబుతాడని లోకమంతా జోకులేస్తుంది. ఒంటారియో ప్రభుత్వం 2009లో ఏకంగా క్షమాపణల చట్టమే చేసింది. సారీ చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కోర్టు లెక్కించకూడదని దాని సారాంశం. అయితే డాక్టర్లు సారీ చెబితే కేసు కాకుండా కాపాడే చట్టాలు అమెరికా రాష్ట్రాల్లోనూ బోలెడున్నాయి. స్వభావాల మీద ఎంత మాట్లాడినా తేలేది తక్కువ. తేడా ఎక్కడ బయటపడుతుందో చూడాలంటే రోగమొచ్చిన ఇంటి ముందు నిలబడాలి.

టామీ డగ్లస్ కథ అలాంటిదే. స్కాట్లండ్ నుంచి కెనడాలోని విన్నిపెగ్‌కు వలసొచ్చిన కుటుంబంలోని పిల్లవాడు. కాలి ఎముకకు చీము పట్టింది. పెద్ద డాక్టరుకు చూపించే స్తోమత ఇంట్లో లేదు. కాలు తీసేయక తప్పదన్నారు. ఆసుపత్రిలో ఒక శస్త్రచికిత్స నిపుణుడు తన విద్యార్థులకు పాఠంగా పనికొస్తుందని డబ్బు తీసుకోకుండా వైద్యం చేశాడు. కాలు దక్కింది. పెద్దయ్యాక ఆ పిల్లవాడు పాస్టరయ్యాడు, తర్వాత సస్కాచవాన్ ప్రావిన్సుకు ప్రీమియర్, అంటే ముఖ్యమంత్రి లాంటివాడు, అయ్యాడు. ఒక డాక్టరుకు ఆ రోజు దయ కలగబట్టి తన కాలు మిగిలింది, కలగకపోయి ఉంటే? ఆ ప్రశ్నను ఆయన వదల్లేదు. 1947లో ఆసుపత్రి ఖర్చులకు ప్రభుత్వ బీమా తెచ్చాడు. ఆయన వేసిన పునాది మీదే 1962 జులై 1న డాక్టరు ఫీజుకూ బీమా వచ్చింది. అదే రోజు ఆ ప్రావిన్సు డాక్టర్లు సమ్మెకు దిగారు. 23 రోజులు నడిచింది. తర్వాత రాజీ కుదిరింది, పథకం నిలిచింది. 1966లో కేంద్రం చట్టం చేసింది, 1972 కల్లా అన్ని ప్రావిన్సులూ అందులో చేరాయి. 2004లో కెనడా ప్రభుత్వ టీవీ నిర్వహించిన ఓటింగులో దేశ చరిత్రలోనే గొప్ప కెనడియన్‌గా జనం ఎన్నుకున్నది హాకీ ఆటగాణ్నో యుద్ధవీరుణ్నో కాదు, టామీ డగ్లస్‌ను.

అదే కాలంలో సరిహద్దుకు అవతల అమెరికాలో ఏం జరిగింది? రెండో ప్రపంచ యుద్ధంలో ధరలు అదుపు తప్పకుండా అమెరికా ప్రభుత్వం 1942లో జీతాల పెంపు మీద కట్టడి పెట్టింది. జీతం పెంచలేని కంపెనీలు పనివాళ్లను ఆకట్టుకోవడానికి ఆరోగ్య బీమా ఇవ్వడం మొదలుపెట్టాయి. యుద్ధం ముగిసింది, అలవాటు మిగిలింది. 1945లో అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ బీమా ప్రతిపాదిస్తే వైద్యుల సంఘం గట్టిగా అడ్డుపడింది, అది మూలపడింది. 1965లో 65 ఏళ్లు దాటినవాళ్లకు మెడికేర్ వచ్చింది. మిగతావాళ్లలో ఎక్కువమందికి నేటికీ బీమా అంటే యజమాని ఇచ్చే బీమాయే. అక్కడ ఉద్యోగం పోతే ఇంట్లో అందరి వైద్యమూ ప్రమాదంలో పడుతుంది. ఇందులో జాతి గుణం ఏముంది? యుద్ధకాలపు ఒక చట్టం, ఒక సంఘం పట్టుదల, ఒక ప్రావిన్సు మొండితనం ఉన్నాయి. ఎనభై ఏళ్ల తర్వాత చూసేవాళ్లకు మాత్రం అది అమెరికన్ స్వభావంగా, కెనడియన్ స్వభావంగా కనిపిస్తోంది.

కెనడాలో అంతా ఉచితమనుకుని వెళ్లినవాళ్లు అక్కడికి చేరాక కొన్ని సంగతులు తెలుసుకుంటారు. ఆరోగ్య కార్డు ప్రావిన్సు ఇస్తుంది. మోకాలి శస్త్రచికిత్సకు నెలల తరబడి వరుసలో ఉండాలి. పళ్ల డాక్టరు బిల్లు చాలాకాలం ఎవరి జేబుకు వారిదే. కొడుకు దగ్గర ఉండటానికి సూపర్ వీసా మీద వెళ్లే తల్లిదండ్రులు లక్ష డాలర్ల ప్రైవేటు బీమా చూపించాలి. అంటే కరీంనగర్ నుంచి మనవణ్ని చూడబోయే నాయనమ్మకు డాలస్ అయినా టొరంటో అయినా బీమా ఏజెంటు తప్పడు.

తెలుగువాళ్ల వలసలో అసలు తేడా నివాస పట్టా దగ్గర ఉంది. కెనడా 1967లోనే చదువుకు ఇన్ని, వయసుకు ఇన్ని, భాషకు ఇన్ని అని మార్కులేసి శాశ్వత నివాసం ఇచ్చే పద్ధతి పెట్టింది. నియమాలు మారుతూ వచ్చినా లెక్క బయటికి కనిపిస్తుంది. అమెరికాలో హెచ్1బి లాటరీ. అది తగిలాక గ్రీన్‌కార్డు క్యూ. ఏ దేశానికైనా ఏడాది కోటాలో 7 శాతానికి మించకూడదన్న నియమం వల్ల, 140 కోట్ల జనాభా ఉన్న దేశానికీ కొన్ని లక్షల జనాభా ఉన్న దీవికీ ఒకటే పరిమితి. అందుకే హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరు పదిహేనేళ్లు పన్ను కట్టాక కూడా వీసా ముద్ర కోసం భయపడుతూ ఊరికొస్తాడు. ఇల్లు కొంటాడు, అయినా ఆ దేశంలో అతిథే. కెనడా వెళ్లిన తోటి విద్యార్థి ఆలోగా పౌరుడై ఓటేసి ఉండొచ్చు. కానీ అతని జీతం తక్కువ, ఇంటి ధర మండిపోతుంది, చదివిన చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క కొన్నాళ్లు గోదాములో డబ్బాలు మోస్తాడు. ఎవరి బాధ వారిది. ఒకరికి డబ్బుంది, నిలకడ లేదు. ఇంకొకరికి నిలకడ ఉంది, డబ్బు చాలదు.

రాజకీయాల్లోకి వెళ్లినవాళ్లు రెండు వైపులా ఉన్నారు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ప్రసాద్ పాండా 2019లో అల్బెర్టాలో మంత్రి అయ్యారు. సంఘాల విషయానికొస్తే, 1970ల చివర పుట్టిన తానా (తెలుగు అసోసియేషన్ ఆఫ్ నార్త్ అమెరికా) తన పేరులోనే ఉత్తర అమెరికా మొత్తాన్నీ కలుపుకుంది. తర్వాత ప్రాంతాలుగా, కులాలుగా, పార్టీలుగా చీలికలు వచ్చాయి. ఆ చీలికల్లో అమెరికా తెలుగువాళ్లూ కెనడా తెలుగువాళ్లూ ఒకరికొకరు ఏమాత్రం తీసిపోరు. బతుకమ్మకూ అంతే. తంగేడు దొరకదు, దుకాణంలో కొన్న చామంతులు పేర్చి స్కూలు హాల్లో ఆడతారు. టొరంటోలో హాలు హీటరు కాస్త ముందుగా వేస్తారు, అంతే తేడా.

రెండు దేశాల మధ్య గీత చెరిగిపోయే సందర్భం ఒకటుంది. కారు ప్రమాదంలోనో, చెరువులో మునిగో ఒక తెలుగు విద్యార్థి చనిపోతాడు. శవాన్ని ఊరికి పంపాలి. అమెరికాలో యజమాని బీమా పనికిరాదు, కెనడాలో ప్రావిన్సు కార్డూ పనికిరాదు. రెండు చోట్లా స్నేహితులు గోఫండ్‌మీ పేజీ తెరుస్తారు, వాట్సాప్ గ్రూపుల్లో పంచుతారు, తానా టీమ్ స్క్వేర్ లాంటి అత్యవసర బృందాలకు ఫోన్లు చేస్తారు. సర్కారు తలుపూ కంపెనీ తలుపూ రెండూ మూసి ఉన్నప్పుడు తెలుగువాడు మళ్లీ చందా పుస్తకం దగ్గరకే వస్తాడు.

ఆ పుస్తకం భీవండికి కొత్త కాదు.

ఇక్కడి చరిత్రను ఒక పేరాలో చెప్పుకోవాలంటే, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మోమిన్ నేతగాళ్లు చేతిమగ్గాలతో మొదలుపెట్టారు, తర్వాత మరమగ్గాలు వచ్చాయి, తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు వచ్చి పద్మనగర్, కామత్‌ఘర్ పరిసరాల్లో స్థిరపడ్డారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ పిలుపుతో బొంబాయి మిల్లుల్లో సుమారు రెండున్నర లక్షల మంది సమ్మె కట్టారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. మిల్లులే ముగిసిపోయాయి. మిల్లుల్లో నేసే బట్టలో పెద్ద భాగం భీవండి షెడ్లకు మళ్లింది. మిల్లు కార్మికుడికి పీఎఫ్ ఉండేది, ఈఎస్ఐ ఉండేది, యూనియన్ ఉండేది. అదే బట్ట షెడ్డుకు వచ్చేటప్పటికి ఇవన్నీ దారిలోనే జారిపోయాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్లుంటేనే ఫ్యాక్టరీ అంది. మరమగ్గాల ఊళ్లన్నిట్లో ఒకే షెడ్డు కాగితాల మీద రెండు మూడు పేర్లుగా విడిపోవడానికి కారణం అదే. కాగితం మీద ఎవరి దగ్గరా పదిమంది ఉండేవారు కాదు.

షెడ్డు లోపలి బతుకు నాగావ్‌వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బయటివాళ్ల కోసం రెండు మాటలు. పన్నెండు గంటల పాళీ. ఒక్కొక్కరు నాలుగు సాంచాలో, ఆరు సాంచాలో చూసుకుంటారు. దారం తెగితే ముడి, నాడె ఖాళీ అయితే కొత్త కండె, మధ్యలో మగ్గం బాగుచేసే జాబర్ కోసం కేక. కానీ ఆ చప్పుడులో కేక వినపడదు, చేతులు ఊపాలి. దూది నుసి కనుబొమల మీద పేరుకుంటుంది. నూలు సేఠ్ ఇస్తాడు, గ్రే బట్ట సేఠ్ తీసుకుపోతాడు, షెడ్డు యజమానికి మజూరీ మిగులుతుంది, అందులోంచి నేసినవాడికి మీటరు లెక్కన దక్కుతుంది. శుక్రవారం మగ్గాలు ఆగుతాయి. ఒంటరిగా వచ్చినవాళ్లు ఒకే గదిని రెండు పాళీలకు పంచుకుంటారు, దిన్‌పాళీవాడు లేచిన చాప మీద రాత్‌పాళీవాడు వాలతాడు.

తిండి బిస్సీలో. ఈ బిస్సీ అన్నది భీవండి సొంత సంస్థ అనే చెప్పాలి. నెలకు ఇంత అని మాట్లాడుకుంటే రెండు పూటలా అన్నం, పప్పు, కూర పెడతారు. తెలంగాణవాళ్ల బిస్సీలో పచ్చిపులుసు ఉంటుంది, భోజ్‌పురివాళ్ల బిస్సీలో రొట్టె ఉంటుంది. జీతం ఆలస్యమైతే బిస్సీ ఆగదు, పద్దు పెరుగుతుంది. జ్వరమొచ్చి వారం పడుకుంటే గంజి కాచి పెట్టేదీ బిస్సీ నడిపే అమ్మే. ప్రపంచంలో ఏ దేశం దగ్గరా ఇంత త్వరగా నిర్ణయం తీసుకునే సంక్షేమ శాఖ ఉండదు. కాకపోతే ఆ అమ్మకే జబ్బు చేస్తే చూసుకునే శాఖ లేదు.

ఇక్కడి నుంచి తెలంగాణలోని సిరిసిల్ల వైపు చూడాలి. భీవండిలో పని నేర్చుకుని తిరిగెళ్లినవాళ్ల చేతులు సిరిసిల్ల సాంచాల వెనక ఉన్నాయి. అదే కులం, అవే ఇంటిపేర్లు, చాలాసార్లు అదే కుటుంబం. అన్న నాగావ్‌లో ఉంటే తమ్ముడు సిరిసిల్లలో ఉంటాడు. కానీ 2017 నుంచి సిరిసిల్ల సాంచాలకు పెద్ద కొనుగోలుదారు రాష్ట్ర ప్రభుత్వమే అయింది. బతుకమ్మ పండుగకు ఆడపడుచులకు పంచే చీరలు, ఏటా కోటి దాకా, అక్కడే నేయించారు. అంతకు ముందు నేతన్నల ఆత్మహత్యలతో వార్తలకెక్కిన ఊరికి ఏడాదిలో కొన్ని నెలలు కచ్చితమైన పని దొరికింది. అక్కడివాడు కష్టమొస్తే కలెక్టరేట్ ముందు కూర్చుంటాడు, ఎమ్మెల్యేను నిలదీస్తాడు. భీవండిలో ఉన్న అన్నకు మజూరీ తగ్గితే కలెక్టరు గుర్తుకే రాడు. సేఠ్ గుర్తుకొస్తాడు. అక్కడ కాకపోతే పక్క గల్లీలో ఇంకో షెడ్డు గుర్తుకొస్తుంది. ఒక్క తరంలో, ఒక్క తల్లి పిల్లల్లో ఈ తేడా వచ్చింది.

సర్కారు తలుపుకూ గడియ ఉంటుంది. 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారింది, చీరల ఆర్డరు ఆగింది, బకాయిలు నిలిచాయి. సిరిసిల్ల నుంచి మళ్లీ చావు వార్తలు వచ్చాయి. తర్వాత మహిళా సంఘాల చీరల పేరుతో కొత్త ఆర్డర్లు ఇచ్చారు. ఒక్క కొనుగోలుదారు మీద ఊరంతా ఆధారపడితే ఏమవుతుందో భీవండివాళ్లు గమనించవలసిన సంగతే. అలాగని భీవండి స్వేచ్ఛ గొప్పదనుకోనక్కర్లేదు. 2016 నోట్ల రద్దు, ఆ వెంటనే జీఎస్టీ, 2020 లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇక్కడ షెడ్లు మూసిన యజమానులు మగ్గాలను పాత ఇనుము ధరకు అమ్ముకున్నారు. ఆ స్థలాల చుట్టూ ఆన్‌లైన్ కంపెనీల గోదాములు లేచాయి.

సోలాపూర్ మూడో దారి పట్టింది. అక్కడ 1877లోనే మిల్లు వచ్చింది. తెలుగువాళ్లు కుటుంబాలతో సహా వెళ్లారు, పేటలు కట్టుకున్నారు. మగవాళ్లు చద్దర్లు, తువ్వాళ్లు నేస్తే ఆడవాళ్లు బీడీలు చుట్టారు. ఇందులో ఒక విచిత్రం ఉంది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది, ఆ తర్వాతి ఏడాది పీఎఫ్ కూడా వర్తించింది. దాంతో ఒకే ఇంట్లో ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టే భార్యకు గుర్తింపు కార్డు, డిస్పెన్సరీ, పిల్లలకు స్కాలర్‌షిప్ ఉన్నాయి. మరమగ్గం నడిపే భర్తకు ఏ కాగితమూ లేదు. నరసయ్య ఆడం, సోలాపూర్ జనం పిలుపులో ఆడం మాస్టర్, పద్మశాలి కమ్యూనిస్టు నాయకుడు, మాజీ ఎమ్మెల్యే. ఆయన ఆ ఆడవాళ్లను సహకార సంఘంగా కూడగట్టి కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరుతో పదివేల ఇళ్లు కట్టించారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ తాళాలు ఇచ్చారు. తర్వాత రేనగర్ పేరుతో ముప్ఫైవేల ఇళ్ల పథకం ఎత్తుకుంటే, అందులో మొదటి పదిహేనువేలు 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ చేతుల మీదుగా ఇచ్చారు. కమ్యూనిస్టు నాయకుడి వేదిక మీద బీజేపీ ప్రధాని! ఇల్లు కావలసినవాళ్లు రంగు చూసుకుంటూ కూర్చోరని సోలాపూర్ మహిళలకు తెలుసు. కార్డు ఉన్నవాళ్లు సంఘమయ్యారు. సంఘమైనవాళ్లకు ఇల్లు వచ్చింది. భీవండి నేతగాడు వాళ్ల కంటే తక్కువ తెలివైనవాడు కాదు, తక్కువ పోరాడేవాడూ కాదు. అతని చేతిలో ఆ మొదటి కార్డు లేదు.

స్వభావం మారదు, కట్టుబాటే మారుతుందన్నదానికి భీవండి తన ఒంటి మీద మచ్చతోనే సాక్ష్యం చెప్పగలదు. 1970లో, 1984లో ఇక్కడ మత కల్లోలాలు జరిగాయి. పడుగు ఒకరిది, పేక ఒకరిది అయిన ఊళ్లోనే అది జరిగింది. 1988లో ఇక్కడ పోలీసు అధికారిగా ఉన్న సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టించారు. రెండు మతాలవాళ్లు, బీటు కానిస్టేబుల్ ఒకచోట కూర్చుని నల్లా తగాదా నుంచి ఊరేగింపు దారి దాకా మాట్లాడుకునే ఏర్పాటు అది. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత పక్కనే ఉన్న బొంబాయి తగలబడింది. భీవండి ప్రశాంతంగా ఉంది. 1984కీ 1992కీ మధ్య ఊళ్లో మనుషులు మారలేదు. వాళ్లు కూర్చోవడానికి ఒక చాప పరిచారు, అంతే. లిప్‌సెట్ రెండు శతాబ్దాల వెనక్కి వెళ్లి వెతికిన కారణం ఇక్కడ నాలుగేళ్లలో కంటికి కనిపించింది.

కెనడాలో కూడా ఇలాంటిదే ఇటీవల జరిగింది, తలకిందులుగా. 2025 మొదట్లో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ సుంకాలు పెంచి, కెనడా 51వ రాష్ట్రం అయితే బాగుంటుందని పదేపదే అన్నాడు. పెద్ద పొరుగువాడి పక్కన బతకడం ఏనుగు పక్కన పడుకోవడం లాంటిదని అప్పటి కెనడా ప్రధాని పియెర్ ట్రూడో 1969లో వాషింగ్టన్‌లోనే చెప్పాడు. ఏనుగు ఈసారి కదిలింది. ఒంటారియో ప్రభుత్వ దుకాణాల్లోంచి అమెరికన్ మద్యం సీసాలు తీసేశారు. జనం అమెరికా ప్రయాణాలు మానుకున్నారు, సరుకు కొనేముందు డబ్బా వెనక దేశం పేరు చదవడం మొదలుపెట్టారు. ఓడిపోతుందనుకున్న లిబరల్ పార్టీ మార్క్ కార్నీ నాయకత్వంలో ఏప్రిల్ 28న గెలిచింది. ‘మేమిద్దరం ఒకటే కదా’ అనుకున్నవాళ్లు కూడా ఆ నెలల్లో కెనడియన్లయ్యారు.

భాష దగ్గర ఒక్కమాట. కెనడా 1971లో బహుళ సంస్కృతుల విధానాన్ని ప్రకటించి, 1988లో చట్టం చేసింది. అమెరికా అందర్నీ ఒకే మూసలో కరిగించే దేశంగా పేరుపడింది. మహారాష్ట్ర ఈ విషయంలో కెనడా పక్కన నిలబడగలదు. 1967లో పుణేలో మొదలైన బాలభారతి తెలుగులోనూ పాఠ్యపుస్తకాలు అచ్చేస్తుంది. పరాయి రాష్ట్రంలో ప్రభుత్వ ఖర్చుతో అమ్మభాషలో పాఠం! టొరంటో తెలుగు పిల్లవాడికి ఆ సౌకర్యం చాలావరకు ఆదివారం పూట ఎవరో ఒకరు తీరిక చేసుకుని నడిపే తరగతిలోనే. అయినా నాగావ్ తల్లిదండ్రులు పిల్లల్ని ఇంగ్లీషు మీడియానికే పంపుతున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. కానీ ఉన్న తలుపు తట్టేవాళ్లు లేకపోతే దాన్ని సర్కారు మూసేయడానికి ఎక్కువ రోజులు పట్టదు.

ఆరోగ్యశ్రీ సంగతి కూడా అంతే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పది లక్షల రూపాయల దాకా వర్తిస్తోంది. గుండె ఆపరేషన్ అంటే భీవండి కార్మికుడు రైలెక్కి ఊరికి పోతాడు, కార్డు అక్కడిది కాబట్టి. క్యుబెక్ కార్డు పట్టుకుని ఒంటారియో డాక్టరు దగ్గరకు వెళ్లినవాడి ఇబ్బంది ఇతనికి చెప్పకుండానే అర్థమవుతుంది. కానీ మహారాష్ట్రలోనూ మహాత్మా ఫులే పేరుతో ఆరోగ్య పథకం ఉంది. దేశమంతా చెల్లే ఆయుష్మాన్ భారత్ 2018 నుంచి ఉంది. ఊరి రేషన్ కార్డు మీద ఇక్కడ బియ్యం తీసుకునే వీలుంది. అసంఘటిత కార్మికుల పేర్లు రాసుకునే ఈ-శ్రమ్ 2021 ఆగస్టులో మొదలైంది. షెడ్డు యజమాని సంతకం దానికి అక్కర్లేదు, ఆధార్ మాత్రం ఉండాలి.

ఈ సభకు వచ్చినవాళ్లలో కుల సంఘం పెద్దలున్నారు, బిస్సీలు నడిపే అమ్మలున్నారు, సెలవుల్లో ఇంటికొచ్చిన కాలేజీ పిల్లలున్నారు. వాళ్లకు ఒక విన్నపం. పండుగ చందాకు గల్లీ గల్లీ తిరిగే ఆ పుస్తకంలోనే ఇంకో నాలుగు గడులు గీయండి. పేరు, ఎన్నేళ్ల నుంచి ఏ షెడ్డులో పని, ఈ-శ్రమ్ ఉందా, ఆరోగ్య కార్డు ఏ రాష్ట్రానిది. బిస్సీకి వచ్చే ప్రతి ఒక్కరి చేతా నింపించండి. లేనివాళ్లను శుక్రవారం మగ్గాలు ఆగిన పూట సేవా కేంద్రానికి తీసుకెళ్లండి. బిస్సీ నడిపే అమ్మ పేరు మొదటి వరుసలో రాయండి.